ఆర్చ్‌టాప్, ట్యూబ్ యాంప్, స్పీకర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జాజ్ నేర్చుకుంటున్నాను. కొనగలిగేది ఒక్కటే గిటార్. గిబ్సన్ ఈఎస్-175 లాంటి పూర్తి డొల్ల గిటార్ కొనాలా, ఈఎస్-335 లాంటిది కొనాలా? చెక్కిన టాప్ (పై పలక) ఉంటేనే అసలు ఆర్చ్‌టాప్, అంటే వంపు టాప్ గిటార్, అని మా మాస్టారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చరిత్ర ప్రకారం మాస్టారి మాట నిజమే. 1922లో గిబ్సన్ ఎల్-5 వచ్చేనాటికి గిటార్‌కు పికప్ (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే భాగం) లేదు. పెద్ద బ్యాండు మధ్యలో గిటార్ వినబడాలంటే స్ప్రూస్ చెక్కను వంపుగా చెక్కి, ఎఫ్ ఆకారంలో రంధ్రాలు పెట్టాల్సి వచ్చింది. 1949లో వచ్చిన ఈఎస్-175 అవసరం వేరు. అది మొదటి నుంచీ ప్లగ్ పెట్టి వాయించడానికి చేసినది. దాని టాప్ చెక్కినది కాదు, మేపుల్ పొరలు అంటించి అచ్చులో నొక్కినది, అంటే ప్లైవుడ్. ఆ మాట వినగానే చాలామంది మొహం చిట్లిస్తారు గానీ, గట్టిగా ఉండి తక్కువ కంపించే టాప్ వల్లే పికప్‌కు నికరమైన స్వరం అందుతుంది, హోరు (స్పీకర్ శబ్దం గిటార్‌లోకి తిరిగొచ్చి మోగడం, అంటే ఫీడ్‌బ్యాక్) కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. జో పాస్ చేతిలో ఎక్కువగా కనబడినది ఈ గిటారే. వెస్ మాంట్‌గోమరీ వాయించిన ఎల్-5 సీఈఎస్‌ది చెక్కిన స్ప్రూస్ టాప్. రెండింటి మీదా గొప్ప సంగీతమే వచ్చింది.

తేడా చేతికి తెలిసేది స్వరం నిలబడే తీరులో. పూర్తి డొల్ల గిటార్‌లో తీగ శక్తిని టాప్ తొందరగా తీసేసుకుంటుంది. మీటగానే స్వరం గట్టిగా పలికి, వెంటనే తగ్గిపోతుంది. జాజ్‌లో కార్డులు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినబడేది అందుకే. 1958లో వచ్చిన ఈఎస్-335లో మధ్యన నిలువునా చెక్క దిమ్మ ఉంటుంది. దాంతో స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, హోరు చాలా తగ్గుతుంది, కానీ మీటినప్పటి ఆ ‘ఠంగు’ కూడా తగ్గుతుంది.

మీరు డ్రమ్స్ పక్కన నిలబడి వాయించేట్టయితే 335 తరహా తీసుకోండి. ఇంట్లో, చిన్న గదుల్లో, ఒకరిద్దరితో కలిసి వాయించేట్టయితే ప్లైవుడ్ టాప్ ఉన్న 175 తరహా. చెక్కిన టాప్ గిటార్‌ను రెండో గిటార్‌గా ఆలోచించండి. హైదరాబాద్ వేసవి పొడిగాలికి అలాంటి టాప్ కుంగుతుంది, ఒక్కోసారి చీలుతుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచగలిగితేనే దాని జోలికి వెళ్లండి.

కొట్లో పోల్చేటప్పుడు రెండింటికీ ఏ తీగలున్నాయో ముందు చూడండి. ఒకదానికి 10 గేజ్ (తీగ మందం) రౌండ్‌వౌండ్ (గుండ్రని తీగ చుట్టినవి), ఇంకోదానికి 12 గేజ్ ఫ్లాట్‌వౌండ్ (చదును పట్టీ చుట్టి నునుపుగా ఉండేవి) ఉంటే మీరు పోలుస్తున్నది గిటార్లను కాదు, తీగలను.

ప్రశ్న: నా ఆర్చ్‌టాప్ పాత తీగలన్నీ ఒకేసారి తీసేశాను. బ్రిడ్జి ఊడి చేతికొచ్చింది! మళ్లీ పెట్టాక పై ఫ్రెట్లలో శ్రుతి కలవడం లేదు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఏమీ విరగలేదు. ఈ రకం బ్రిడ్జిని (టాప్ మీద తీగలు ఆనే ముక్కను) తీగల ఒత్తిడే పట్టి ఉంచుతుంది, జిగురూ స్క్రూలూ ఉండవు. ఇకమీదట తీగలు ఒక్కొక్కటే మార్చండి.

ఇప్పుడు దాన్ని మళ్లీ కుదర్చాలి. నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలవండి. పన్నెండో ఫ్రెట్ నుంచి మొదటి తీగ కింద బ్రిడ్జి అంచు దాకా అంతే దూరం, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలపండి. ఆరో తీగ వైపు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు కలపండి. అంటే బ్రిడ్జి కొంచెం ఏటవాలుగా ఉంటుంది. అది సరైన స్థితే, తిన్నగా సర్దాలని చూడకండి. తరువాత ఆరు తీగలూ వేసి, శ్రుతి చేసి, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (వెనక తీగలు కట్టే భాగం) వైపు జరపాలి, తగ్గుగా ఉంటే మెడ వైపు. తీగలు కాస్త వదులు చేసి, బ్రిడ్జి అడుగు భాగాన్ని పట్టుకుని అర మిల్లీమీటర్ చొప్పున జరపండి. ముందు ఆరో తీగ, తరువాత మొదటి తీగ, మళ్లీ ఆరోది. ఒకవైపు జరిపితే రెండోవైపు కొద్దిగా కదులుతుంది కాబట్టి రెండు మూడు విడతలు పడుతుంది. కుదిరాక అడుగు భాగం నాలుగు మూలలా మెత్తటి పెన్సిల్‌తో సన్నని గుర్తు పెట్టుకోండి.

ఇంత చేసినా మూడో తీగ ఒక్కటే హెచ్చుగా పలికితే బ్రిడ్జి మీద మెట్లు చూడండి. చుట్టిన మూడో తీగకు చేసిన చెక్క బ్రిడ్జిలో మెట్టు రెండో తీగ దగ్గర వెనక్కి వెళుతుంది. మీరు చుట్టని 18 గేజ్ మూడో తీగ వేసి ఉంటే ఆ బ్రిడ్జి మీద అది ఎప్పటికీ కుదరదు. 12, 16, 24, 32, 42, 52 సెట్‌లో 24ది చుట్టిన తీగే, అది వేయండి.

మరొకటి. బ్రిడ్జి అడుగు టాప్‌కు పూర్తిగా ఆనుతోందా? కింద సన్నని కాగితం దూరిందంటే స్వరం పీలగా వస్తుంది. టాప్ మీద 120 నంబర్ ఉప్పుకాగితం గరుకు వైపు పైకి ఉండేలా పరిచి, బ్రిడ్జి ఉండాల్సిన చోటే అడుగు భాగాన్ని ముందుకూ వెనక్కూ రుద్దండి. చివర 240 నంబర్‌తో నునుపు చేయండి. కాగితం అంచులు గిటార్ పాలిష్‌ను గీరకుండా చుట్టూ మాస్కింగ్ టేప్ వేయడం మరవొద్దు.

ప్రశ్న: స్టేజి మీద ఐదో తీగ ‘ఏ’ మీటగానే గిటార్ ‘బోఁ’ అని మోగుతూనే ఉంటుంది. వాల్యూమ్ తగ్గిస్తే నా వాయింపు వినబడదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ ‘ఏ’ 110 హెర్ట్జ్. పెద్ద ఆర్చ్‌టాప్‌ల డొల్లలోని గాలి సాధారణంగా ఆ చుట్టుపక్కలే ప్రతిధ్వనిస్తుంది. స్పీకర్ శబ్దం పెట్టెను కదిలిస్తుంది, పెట్టె తీగను కదిలిస్తుంది, పికప్ దాన్నే మళ్లీ స్పీకర్‌కు పంపుతుంది. మొత్తం వాల్యూమ్ తగ్గించనక్కర్లేదు, ఆ ఒక్క చోట కోస్తే చాలు. పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో (ఎంచుకున్న ఒక్క స్థాయినే తగ్గించగల పరికరం) 110 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఆరు డెసిబెల్స్ తగ్గించండి. అది లేకపోతే ముందు యాంప్‌ను వెనక నుంచి పక్కకు మార్చండి, ఎఫ్ రంధ్రాలు స్పీకర్‌ను చూడకుండా మీ ఒళ్లు అడ్డం పెట్టుకోండి. యాంప్‌ను చెక్క వేదిక మీద కాకుండా కుర్చీ మీద పెట్టండి. అప్పటికీ ఆగకపోతే రంధ్రాల ఆకారంలో స్పాంజ్ కోసి బిగించండి. చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి వస్తున్న మా అన్నయ్య ఫెండర్ డీలక్స్ రివర్బ్ ట్యూబ్ యాంప్ తెస్తానంటున్నాడు. ఇక్కడి కరెంటుకు పని చేస్తుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నేరుగా 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోవడం దురదృష్టం. అమెరికాలో అమ్మే యాంప్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినది. మధ్యలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాంప్ వెనక పలక మీద రాసి ఉన్న వాట్లకు రెట్టింపు, ఎంత తక్కువైనా 300 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యం ఉన్నది కొనండి.

వోల్టేజి సరిచేసినంత మాత్రాన 50 హెర్ట్జ్ మారదు. 60కి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే అదే వోల్టేజికి దాని ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది, అది వేడెక్కుతుంది. పలక మీద 50/60 అని ఉంటే బెంగ లేదు. 60 అని మాత్రమే ఉంటే 120 కన్నా 110 వోల్టుల అవుట్‌పుట్ మేలు. ట్యూబుల హీటర్‌కు 6.3 బదులు 5.8 వోల్టుల దాకా అందుతుంది, పది శాతం లోపు కాబట్టి నడుస్తుంది. పైగా రాత్రిపూట లైన్ 250కి ఎక్కితే ఆ 110 కాస్తా 120 అవుతుంది, అంతే. 120 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అయితే 130 దాటుతుంది.

ఎర్తింగ్ విషయంలో రాజీ వద్దు. చౌక స్టెప్ డౌన్ డబ్బాల్లో రెండు పిన్నుల సాకెట్టే ఉంటుంది. అందులో పట్టేలా యాంప్ ప్లగ్‌కున్న మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. లోపల ఏదైనా తెగి చాసిస్‌కు తగిలితే ఆ కరెంటు గిటార్ తీగల మీదుగా మీ చేతిలోకి వస్తుంది. మూడు పిన్నుల సాకెట్ ఉండి, గోడలోని ఎర్త్ దానిదాకా వచ్చే ట్రాన్స్‌ఫార్మరే కొనండి, మల్టీమీటర్‌తో చూసుకుని మరీ.

ఆ యాంప్ సుమారు 19 కిలోలు. 23 కిలోల బ్యాగేజీలో ప్యాకింగ్‌తో కలిపి ఇరుగ్గా సరిపోతుంది. ట్యూబులు తీసి, ఏది ఏ సాకెట్‌దో రాసి, బబుల్ ర్యాప్‌లో చేతిసామానులో తెమ్మనండి. జాజ్ ఒక్కటే మీ పని అయితే, మోత ఎక్కువైనా ట్విన్ రివర్బ్ లాంటి 85 వాట్ల యాంప్‌లో స్వరం చివరిదాకా చీలదు. డీలక్స్ 22 వాట్లదే, హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) గిటార్‌తో వాల్యూమ్ నాలుగు, ఐదు దగ్గర బొంగురుపోతుంది. రెండో ఇన్‌పుట్‌లో పెడితే ఆరు డెసిబెల్స్ తగ్గి, ఆ హద్దు కొంచెం జరుగుతుంది. నార్మల్ చానెల్‌లో రివర్బ్ ఉండదు గానీ పదును పెంచే బ్రైట్ కెపాసిటర్ కూడా ఉండదు, ఆర్చ్‌టాప్‌కు అదే హాయి.

ప్రశ్న: రెండు యాంప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చాలని ఏబీవై స్విచ్ (ఒక గిటార్‌ను రెండు యాంప్‌లకు పంపేది) కొన్నాను. రెండూ కలిపితే ‘గూఁ’ అని ఒకటే రొద. ఒకదాని ఎర్త్ తీసేస్తే పోతుందని మిత్రుడు చెప్పాడు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తీయకండి. రెండు యాంప్‌లూ గోడ ఎర్త్ ద్వారా ఒకసారి, గిటార్ కేబుల్ తొడుగు ద్వారా ఇంకోసారి కలవడంతో ఏర్పడిన వలయం అది. ఒక అవుట్‌పుట్‌కు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏబీవై పెట్టె కొంటే వలయం తెగుతుంది, ఎర్త్ అలాగే ఉంటుంది. రెండూ కలిపినప్పుడు బేస్ మాయమైతే, ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోందన్న మాట. అదే పెట్టె మీద ఫేజ్ స్విచ్ తిప్పండి.

ఇక పోల్చడం. రెండింట్లో కొంచెం మోత ఎక్కువున్నదే ఎవరి చెవికైనా బాగుందనిపిస్తుంది. మీరు కూర్చునే చోట ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టి రెండింటినీ ఒక డెసిబెల్ తేడాలోకి తీసుకురండి. రెండింటినీ ఒకే ఎత్తులో పెట్టి, కొంచెం వెనక్కి వాల్చండి. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైటులా ముందుకే విసురుతుంది, నేల మీద పెడితే అది మీ మోకాళ్లకే అందుతుంది. లూపర్ పెడల్‌లో ఒక కార్డు వరస, ఒక సోలో ముక్క రికార్డు చేసి అదే పంపండి. అప్పుడు మీ వేళ్ల తేడా లెక్కలోంచి పోతుంది. నాబ్‌లన్నీ ఐదులో పెట్టి ‘సమానం చేశాను’ అనుకోవద్దు. ఫెండర్ టోన్ సర్క్యూట్‌లో బేస్, ట్రెబుల్ ఐదులో ఉన్నా మధ్యస్థాయి లోతుగా కోసుకుపోయే ఉంటుంది. రెండూ రెండు దగ్గరికి దించితేనే మధ్యస్థాయి పైకి వస్తుంది.

ప్రశ్న: ట్యూబులు మార్చినా స్వరం పదునుగానే ఉంది. స్పీకర్ మార్చాలా? 16 ఓమ్‌లది చవకగా దొరుకుతోంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: స్పీకర్‌తోనే మొదలుపెట్టాల్సింది. ఒక 12ఏఎక్స్7 (చిన్న ట్యూబు) తీసి మరో కంపెనీది పెడితే వచ్చే తేడా కన్నా స్పీకర్ మారిస్తే వచ్చే తేడా చాలా పెద్దది.

యాంప్ వెనక 8 అని ఉంటే 8 ఓమ్‌లదే కొనండి. 16 పెడితే వెంటనే ఏదీ కాలదు, కానీ శక్తి తగ్గుతుంది, అవుట్‌పుట్ ట్యూబుల మీద ఒత్తిడి మారుతుంది. మీటర్‌తో కొలిస్తే 8 ఓమ్‌ల స్పీకర్ ఆరు, ఏడు ఓమ్‌లు చూపిస్తుంది. అది లోపం కాదు.

తరువాత సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కు స్పీకర్ ఎంత మోత ఇస్తుందో, చూడండి. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 98 డెసిబెల్స్, వింటేజ్ 30 అయితే 100. మూడు డెసిబెల్స్ తేడా ఉంటే యాంప్ వాట్లు రెట్టింపైనట్టే. ఆర్చ్‌టాప్‌కు చీలని స్వరం కావాలి కాబట్టి సెన్సిటివిటీ ఎక్కువగా, వాట్లు యాంప్‌కు కనీసం రెట్టింపుగా ఉన్నది మంచిది. సెలెస్టియన్ బ్లూ ఎంత మధురంగా ఉన్నా 15 వాట్లదే. 22 వాట్ల యాంప్‌లో ఒంటరిగా పెట్టకండి. వింటేజ్ 30కి పై మధ్యస్థాయిలో ఒక కొస ఉంటుంది, మీరు వదిలించుకోవాలనుకుంటున్న పదును అదే కావచ్చు.

మార్చేటప్పుడు యాంప్ ఆపి ప్లగ్ తీయండి. ట్యూబ్ యాంప్‌ను స్పీకర్ లేకుండా ఎప్పుడూ వాయించొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకవైపే బిగిస్తే ఫ్రేము మెలిపడి కాయిల్ రాసుకుంటుంది.

ప్రశ్న: గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే స్వరం మసకబారుతోంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు కేబుల్ చూడండి. మామూలు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటాయి. పది మీటర్లది తీసి మూడు మీటర్లది వాడితే సగం బాధ తీరుతుంది. మిగతా సగానికి వాల్యూమ్ పాట్ (నాబ్ కింది భాగం) ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్ల మధ్య 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్ సమాంతరంగా టంకం పెట్టించండి.

ప్రశ్న: ఆర్చ్‌టాప్ మీద కీర్తనలు వాయించవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: జారు గమకానికి ఫ్లాట్‌వౌండ్ తీగ బ్రహ్మాండం, వేలు జారేటప్పుడు కీచుమనదు. కంపితానికి (స్వరాన్ని ఊపే గమకానికి) మాత్రం చిక్కు. చుట్టిన మూడో తీగను పక్కకు లాగినా స్వరం పెద్దగా పెరగదు, గట్టిగా లాగితే బ్రిడ్జి జరుగుతుంది. 11 గేజ్ సెట్‌లో చుట్టని మూడో తీగ వేసి, బ్రిడ్జి అడుగును టాప్‌కు పిన్నులతో నిలిపించుకోండి. మూడో తీగకు సరిపడేలా బ్రిడ్జి పై భాగాన్ని, ఒక్కో తీగకు విడిగా సరిచేసుకునే ట్యూన్-ఓ-మ్యాటిక్ రకానికి మార్పించాలి.

ప్రశ్న: యాంప్ వాయిస్తుంటే గాజు గలగలలాంటి చప్పుడు వస్తోంది.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వాల్యూమ్ సగంలో పెట్టి, గిటార్ తీసేసి, ఒక్కో చిన్న ట్యూబును పెన్సిల్ చెక్క కొసతో మెల్లగా తట్టండి. కొద్దిగా ‘టక్’ మనడం మామూలే. గణగణమని మోగేది, లేదా ఈల వేసేది చెడింది. వెనక నుంచి చూస్తే ఫెండర్‌లో ఇన్‌పుట్ ట్యూబులు కుడి చివర ఉంటాయి, ఎక్కువగా దొరికేది అక్కడే. చిన్న ట్యూబులకు బయాస్ (ట్యూబులో ఊరికే పారే కరెంటు) సరిచేయనక్కర్లేదు, యాంప్ ఆపి, చల్లారాక మార్చేయండి. 6వీ6 (పెద్ద అవుట్‌పుట్ ట్యూబుల) జత మారిస్తే మాత్రం బయాస్ చూడాలి: ప్లేట్ మీద 415 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకు 20 మిల్లీ ఆంపియర్ల చుట్టూ. ఆపేసిన తరువాత కూడా లోపలి ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు కనుక, ఆ పని తెలిసిన మెకానిక్‌కు వదలండి.