ఎంఆర్ఐ తీసేటప్పుడు పొట్ట మీద పెట్టే ఆ మెత్తటి సంచి ఏమిటి?

మీ నాన్నగారికి 3 టెస్లా (మిషన్‌లోని అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో చెప్తాం) మిషన్‌లో లివర్ స్కాన్ తీస్తూ పొట్ట మీద మెత్తటి సంచి పెట్టారనీ, అది మందా, కాంట్రాస్టా అనీ అడిగారు. రెండూ కాదు. దాన్ని డైఎలెక్ట్రిక్ ప్యాడ్ అంటాం, ఒంట్లోకి ఏమీ పోదు. తిరుపతిలో ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

3 టెస్లాలో వాడే రేడియో తరంగాలు దాదాపు 128 మెగాహెర్ట్జ్. గాలిలో ఆ అల పొడవు రెండు మీటర్ల పైమాటే. నీటిశాతం ఎక్కువున్న ఒంట్లోకి వచ్చేసరికి 26 సెంటీమీటర్ల దగ్గరికి కుదించుకుపోతుంది, అంటే ఇంచుమించు పొట్టంత. అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరిగ్గా నడిమధ్యన నల్లటి నీడ పడుతుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకు ఇది మరీ ఎక్కువ.

సంచిలో ఉండేది నీళ్లలో ముద్దగా కలిపిన కాల్షియం టైటనేట్ లేదా బేరియం టైటనేట్ పొడి. కొన్నిట్లో ఉత్త జెల్లే. అలలు తగిలినప్పుడు ఆ పదార్థంలో పుట్టే కరెంటు తనవంతు చిన్న క్షేత్రాన్ని తయారుచేసి, సిగ్నల్ తగ్గినచోట దన్నుగా నిలుస్తుంది. కొందరు మామూలు నీళ్లకు బదులు భారజలం వాడతారు, లేకపోతే సంచి కూడా ఫొటోలో తెల్లగా పడుతుంది.

కొత్తలో నేనొక తప్పు చేశాను. పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కడుపు కుండలా ఉంది. ఏసీకి మంచులా చల్లబడిన సంచి ఒంటికి తగిలితే ఉలిక్కిపడతాడని, దాన్ని కాయిల్ (సిగ్నల్ అందుకోవడానికి పొట్ట మీద కప్పే పరికరం) పైన పెట్టేశాను. నీడ ఉన్నచోటే ఉంది! సంచి ఒంటికీ కాయిల్‌కూ మధ్యలో ఉండాలి. పల్చటి గుడ్డ ఒకటి వేసి, మళ్లీ సర్ది, బెల్టు బిగిస్తుంటే ఆయన, "ఏం నాయనా, మా ఊరి కట్టు కడతా ఉండావా?" అన్నాడు. ఈసారి లివర్ ఎడమవైపు ముక్క బాగానే కనపడింది. నీడ పూర్తిగా పోలేదు గానీ రిపోర్టు రాయడానికి సరిపోయింది.

ఊపిరి బిగబట్టలేక కదిలితే వచ్చే మసకకు మాత్రం ఈ సంచి పనికిరాదు. రెండు దారుల్లో తరంగాలు పంపే కొత్త 3 టెస్లా మిషన్లలో దీని అవసరం తక్కువ. 1.5 టెస్లాలో అల పొడవు రెట్టింపు కాబట్టి ఈ తలనొప్పి పెద్దగా ఉండదు. మీ నాన్నగారికి నీరు బాగా చేరి ఉంటే, మళ్లీ స్కాన్ రాసినప్పుడు అందులో తీయించొచ్చా అని డాక్టరుగారిని అడగండి. అలాంటివాళ్లను మేమే అటు పంపిస్తుంటాం.