ఏఆర్ కాలర్ అంటే బాకీల వసూలేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. అమెరికా మెడికల్ బిల్లింగ్ చేసే కంపెనీలో ఏఆర్ కాలర్‌గా ఆఫర్ వచ్చింది. రాత్రంతా ఫోన్లు చేసి బాకీలు వసూలు చేయాలంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: వసూలు అన్నమాట నిజమే. కానీ ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావాల్సిన డబ్బు) కాలర్ ఫోన్ చేసేది ఇన్సూరెన్స్ కంపెనీకి. డాక్టర్ పంపిన క్లెయిమ్‌కు డబ్బు ఎందుకు ఆగిందో పట్టుకుని రాబట్టడం ఆ పని. రోగుల నుంచి బాకీ రాబట్టే విభాగం వేరు. ఆఫర్ ఏ విభాగానికో ముందు కనుక్కోండి.

డాక్టర్ 200 డాలర్లకు బిల్లు పంపారనుకుందాం. ఒప్పందం ప్రకారం ఇన్సూరెన్స్ ఒప్పుకునే రేటు 120. అందులో 96 కట్టి, 24 రోగి వాటా అంటుంది. ఈఓబీలో (ఏది కట్టారో, ఏది కట్టలేదో ఇన్సూరెన్స్ తెలిపే పత్రం) ఆ 24 ఎదురుగా పీఆర్-2, 200లో కోత పడిన 80 ఎదురుగా సీఓ-45 అన్న కోడ్‌లు కనిపిస్తాయి. పీఆర్ అంటే రోగి కట్టాల్సింది. సీఓ అంటే రోగిని అడగకూడనిది. 80 కూడా రోగి ఖాతాలో వేశారా, గొడవ తప్పదు.

అలాగని సీఓ అని కనిపించిన ప్రతిదీ రాని డబ్బు కింద కొట్టేయకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. సీఓ-16 అంటే క్లెయిమ్‌లో ఏదో వివరం లేదు లేదా తప్పు పడింది. దాంతోపాటు వచ్చే రిమార్క్ కోడ్ (లోపమేంటో చెప్పే కోడ్) చూసి సరిచేసి పంపాలి. అదీ మామూలుగా మళ్లీ పంపితే చాలాసార్లు డూప్లికేట్ అని సీఓ-18తో తిరిగొస్తుంది. చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులకు సీఎంఎస్-1500 అనే క్లెయిమ్ ఫారం 22వ గడిలో 7 (పాతదాని బదులు పంపుతున్నామని గుర్తు) వేసి, పాత క్లెయిమ్ నంబర్ ఇవ్వాలి. సీఓ-29 అంటే గడువు దాటింది. మెడికేర్‌కు (ప్రధానంగా వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) వైద్యం జరిగిన రోజు నుంచి ఏడాది గడువు. ప్రైవేటు కంపెనీలకు ఒప్పందాన్ని బట్టి, కొన్నింటికి 90 రోజులే. సకాలంలో పంపామని అప్పీల్ చేయాలంటే 'సెంట్' అన్న స్క్రీన్‌షాట్ పనికిరాదు, ఇన్సూరెన్స్ అంగీకరించినట్టు వచ్చిన రిపోర్ట్ కావాలి.

కాల్‌కు ముందే డాక్టర్ ఎన్‌పీఐ (గుర్తింపు నంబర్), ట్యాక్స్ ఐడీ, రోగి మెంబర్ ఐడీ, పుట్టిన తేదీ, వైద్యం తేదీ, బిల్లు మొత్తం తెరిచి పెట్టుకోవాలి. అరగంట హోల్డ్‌లో ఉండి, రిఫరెన్స్ నంబర్ అడక్కుండా పెట్టేస్తే రేపు ఇంకొకరు మొదటికి రావాల్సిందే. క్లెయిమ్ ఎప్పుడు అందింది, ఎప్పుడు డినై అయింది (తిరస్కరించారు), అప్పీల్ గడువెంత, ఏ ఫ్యాక్స్‌కు పంపాలి, ఇవన్నీ నోట్స్‌లో ఉండాలి. ఇంగ్లిష్ యాస కన్నా ఈ నోట్స్ రాసే తీరునే నేను ఎక్కువ పట్టించుకుంటాను.

షిఫ్టు సంగతి దాచను. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 8 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. ఇంటికి చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. క్యాబ్ ఇంటి దాకా వస్తుందా, బాండ్ ఎన్నాళ్లు, ఇన్సెంటివ్ కాల్స్ లెక్కనా, వసూలైన డబ్బు లెక్కనా అని హెచ్‌ఆర్‌ను అడగమనండి. శిక్షణకు డబ్బు కట్టమంటే మాత్రం వెనక్కి వచ్చేయండి.

క్లెయిమ్ స్టేటస్ చూడటం ఇప్పుడు చాలావరకు పోర్టల్స్‌లోనే అయిపోతోంది. కాబట్టి మొదటి ఏడాదిలోనే డినయల్స్ మీద పట్టు తెచ్చుకోవాలి. తర్వాత అనాటమీ చదివి, ఏఏపీసీ అనే అమెరికా సంస్థ వాళ్ల సీపీసీ సర్టిఫికెట్ పరీక్ష రాస్తే మెడికల్ కోడింగ్‌లోకి (జబ్బును, చికిత్సను కోడ్‌లుగా రాసే పని) మారవచ్చు. దానికి బీకాం అడ్డు కాదు.