జర్మన్ చదివేటప్పుడు: మా మేనకోడలికి ఉత్తరం

బంగారూ,

నర్సు ఉద్యోగానికి జర్మనీ వెళ్తున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్తున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం భయమేస్తోంది. అక్కడ పేషెంటు కాగితాలన్నీ జర్మన్‌లోనే ఉంటాయి కదా.

వ్యాకరణం క్లాసులో నేర్పుతారు, క్లాసు మానకు. నా దిగులంతా చదవడం గురించే.

నా దగ్గర జర్మన్ నేర్చుకున్న ఒకమ్మాయి, నీలాగే నర్సు, చాలా కష్టపడేది. తెలియని మాట కనపడగానే ఆగి, డిక్షనరీ చూసి, పైన పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకునేది. పేజీ నిండా అర్థాలే. ఇందులో ఏముందమ్మా అంటే నోరు పెగిలేది కాదు. మాటమాటకీ ఆగేసరికి వాక్యం మొదలు మరిచిపోయేది. మాటలన్నీ తెలుసు కాబట్టి, అర్థం కాలేదన్న సంగతే తనకి తెలిసేది కాదు. ఒకరోజు మందు గురించిన వాక్యం ఇచ్చాను. "ఈ మాత్ర ఈరోజు ఇవ్వాలి" అంది ధీమాగా. వాక్యం చివర్లో 'నిష్ట్' ఉంది. ఇవ్వొద్దని! క్లాసు కాబట్టి సరిపోయింది. వార్డులో అయితే?

చదివేటప్పుడు మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది కొంచెమే. 1980లో డేన్‌మన్, కార్పెంటర్ అనే పరిశోధకులు కొన్ని వాక్యాలు వరసగా చదివించి, ఒక్కోదాని ఆఖరి మాట గుర్తుంచుకోమన్నారు. ఎక్కువ మాటలు నిలుపుకున్నవాళ్లకే చదివింది బాగా అర్థమైంది. అది సొంత భాషలో. పరాయి భాషలో మాటలు పోల్చుకోవడానికే సగం శక్తి పోతుంది. "నా ఉచ్చారణ బాగుందా, పక్కవాళ్లు నవ్వుతున్నారా" అన్న టెన్షన్ మిగిలింది తినేస్తుంది. అందుకే అర్థం కోసం చదివేటప్పుడు పైకి చదవకు.

చుక్క వచ్చేదాకా ఆగకు. అక్కడ తలెత్తి, ఏం చెప్పిందో తెలుగులో చెప్పుకో. రాలేదా, అర్థం కాలేదన్నమాటే. మళ్లీ చదువు, అప్పుడు డిక్షనరీ తియ్. ఇవ్వాలో ఇవ్వొద్దో తెలుగులోనూ చివరికే తెలుస్తుంది. జర్మన్‌లో 'ఎందుకంటే' లాంటి మాట తర్వాత క్రియ కూడా చివరికే పోతుంది. ఆఖరిదాకా ఆగడం మనకి కొత్త కాదు, ఇంగ్లీషు అలవాటుతో తొందరపడకు.

చిన్నప్పుడు లెక్క చెప్తుంటే సగంలోనే "అర్థమైంది అత్తా" అని లేచిపోయేదానివి. అక్కడ అలా తలూపావంటే ఊరుకోను. అనుమానం వస్తే రెండోసారి అడుగు, మూడోసారీ అడుగు. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ తల్లీ, నీ చేతిలో ఒకరి ప్రాణం ఉంటుంది.

ఆదివారం ఫోన్ చెయ్. ఒక పేరా చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో నాకు తెలుగులో చెప్పు.

మీ అత్త