పిల్లులకు పచ్చి మాంసం, తక్కువ ఖర్చు: మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీరు అడిగింది ఇదీ: హనుమకొండలో అద్దె ఇల్లు, రెండు పిల్లులు, అందులో ఒకటి ఐదు నెలల పిల్ల. ప్యాకెట్ ఫుడ్డుకే నెలకు 2,500 దాటిపోతోంది. కోడి మాంసం పచ్చిగానే పెడితే ఖర్చు తగ్గుతుందా, ఏ భాగాలు కొనాలి, ప్రమాదం ఏమైనా ఉందా?

ఖర్చు తగ్గుతుంది, మా ఇంట్లో తగ్గింది. కాకపోతే పదమూడు నెలలు పచ్చిగా పెట్టి, ఇప్పుడు మానేశాను. ఆ రెండూ కలిపి చెప్తేనే మీకు పనికొస్తుంది.

మాది కాజీపేట. ఇంట్లో రెండు పిల్లులు. పెద్దదాని పేరు చపాటా. ఎర్రగా, గుండ్రంగా మన వరంగల్ చపాటా మిరపకాయలాగే ఉంటాడు. ఆ మిరపకాయకు కారం తక్కువే, వీడికి కోపం మాత్రం ఎక్కువ. రెండోది మల్లి. 2023 జూలై వరదలప్పుడు మా గేటు పక్కన మెట్టు మీద తడిసి ముద్దై దొరికింది. అప్పటికి దానికి రెండు నెలలుంటాయేమో.

అప్పటిదాకా చపాటాకు ప్యాకెట్టే పెట్టేదాన్ని. రెండో నోరు వచ్చేసరికి లెక్క 2,600కు పోయింది. పిల్లి మాంసాహారి కదా, దానికి గింజలెందుకు, కోడి పెడితే సరిపోదా అనుకున్నాను. మంచిదే పెట్టాలని బోన్‌లెస్ తెచ్చి, సన్నగా తరిగి, కొంచెం కార్జం కలిపి పెట్టేదాన్ని. రెండూ గిన్నె నాకి నాకి తినేవి. వెంట్రుకలు మెరిసేవి. నేనేదో కనిపెట్టినట్టు అందరికీ చెప్పుకున్నాను కూడా.

నవంబర్ చివర్లో ఒకరోజు మల్లి దివాన్ ముందు కూర్చుని పైకి చూస్తోంది. ఎప్పుడూ ఒక్క దూకులో ఎక్కేది. ముందుకాళ్లు పైన పెట్టింది, వెనకకాళ్లు లేవలేదు, మళ్లీ దిగిపోయింది. ఆడుకోవడానికి బద్ధకమేమో అనుకున్నాను. రెండు రోజుల తర్వాత నడుం దగ్గర పట్టి ఎత్తుకుంటే కీచుమని అరిచింది. డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి లైటు ముందు పెట్టి చూపించారు. ఎముకలు తెల్లగా కనపడాల్సింది, చుట్టూ ఉన్న కండ రంగులోనే పలచగా ఉన్నాయి. "ఏం పెడుతున్నరమ్మా?" అన్నారు. "ఒట్టి కోడి మాంసం సార్" అన్నాను గర్వంగానే. "అదే జబ్బు" అన్నారు.

సంగతేమిటంటే, కండలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. పిల్లి ఎలుకనో పిట్టనో పట్టినప్పుడు ఎముకలతో సహా తింటుంది కాబట్టి దానికి ఆ లోటు రాదు. మనం ఎముక తీసేసి కండ మాత్రమే పెడితే, ఒళ్లు తనకు కావలసిన కాల్షియాన్ని సొంత ఎముకల్లోంచే లాగేసుకుంటుంది. పెరిగే పిల్లల్లో ఇది కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. మల్లిని ఆరు వారాలు చిన్న బోనులో కదలనీయకుండా ఉంచి, కిట్టెన్ ప్యాకెట్ ఫుడ్డు మాత్రమే పెట్టాం. కోలుకుంది. ఎక్స్‌రే, మందులు, ఆటో అన్నీ కలిపి 2,800 అయ్యాయి. నాలుగు నెలల్లో మిగుల్చుకున్నదంతా దాదాపు అక్కడే పోయింది.

అందుకే ముందుగా మీ ఐదు నెలల పిల్ల సంగతి. దానికి ఏడాది నిండేదాకా కిట్టెన్ ఫుడ్డు ఆపకండి. ఎక్కడైనా ఖర్చు తగ్గించుకోండి కానీ అక్కడ వద్దు. ఇకపై చెప్పేదంతా పెద్ద పిల్లి గురించే.

2024 జనవరి నుంచి పద్ధతిగా పచ్చి మాంసం మొదలుపెట్టాను. మా గల్లీ చివర చికెన్ షాపు తమ్ముడు నా అసలు గురువు. మొదటిసారి పిల్లికి అని చెప్తే నవ్వాడు. "పిల్లికి బోన్‌లెస్ ఎందుకక్కా, పైసలు ఎక్కువైనయా? మెడలు తీస్కపో, కందనకాయ తీస్కపో" అన్నాడు. ఆ మాట నిజం. అందరూ స్కిన్‌లెస్ కొట్టించుకుంటారు, మెడలూ గుండెకాయలూ పక్కన ట్రేలో పడుంటాయి. పిల్లికి కావలసింది సరిగ్గా అదే ట్రేలో ఉంది. పచ్చి మెడలో ఎముక మెత్తగా ఉంటుంది, పిల్లి కరకర నమిలేస్తుంది, కాల్షియం అందులోంచే వస్తుంది. ఇక గుండెకాయ. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, దాని ఒళ్లు చాలినంత తయారుచేసుకోలేదు. అది తక్కువైతే కళ్లు పోతాయి, గుండె కండ సాగిపోయి బలహీనపడుతుంది. గుండె జబ్బుకూ టారిన్‌కూ ఉన్న ఈ సంబంధాన్ని 1987లో అమెరికాలోని డేవిస్‌లో పశువైద్య పరిశోధకులు బయటపెట్టారు. తమాషా ఏమిటంటే, వాళ్లు చూసినవి ప్యాకెట్ ఫుడ్డు తినే పిల్లుల్నే. కంపెనీలు టారిన్ పెంచింది ఆ తర్వాతే. తెల్ల కండ కంటే తొడ మాంసంలో, అంతకంటే గుండెకాయలో టారిన్ ఎక్కువ. అంటే కోడిలో ఖరీదైన బ్రెస్ట్ ముక్క కంటే చవకైన ముక్కలే పిల్లికి మేలు.

కార్జం దగ్గర మాత్రం చెయ్యి బిగించాలి. కిలో మాంసానికి 50 గ్రాములు చాలు. పిల్లులు దాని కోసం ఎగబడతాయి, షాపులో చవగ్గా దొరుకుతుంది, దాంతో రోజూ అదే పెట్టేవాళ్లను నేను చూశాను. అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ. నెలల తరబడి ఎక్కువైతే మెడ ఎముకలు అతుక్కుపోయి పిల్లి తల తిప్పలేని స్థితికి వస్తుంది. షాపులో లివరూ గుండెకాయా కలిపి తూకం వేస్తారు కాబట్టి, ఇంటికొచ్చాక వేరుచేసి, ఎక్కువైన కార్జం మేమే ఫ్రై చేసుకుంటాం.

అప్పట్లో నెలకు 1,100 దాటలేదు. ఇబ్బంది డబ్బుతో రాలేదు, ఫ్రిజ్‌తో వచ్చింది. మాది సింగిల్ డోర్. పైన ఐస్ బాక్స్‌లో మాంసం గట్టిపడుతుంది కానీ డీప్ ఫ్రీజర్‌లా చల్లబడదు. పైగా గడ్డకట్టిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందనుకుంటాం. చావదు, పెరగకుండా ఆగుతుంది, అంతే. కరిగాక మళ్లీ మొదలు. మే నెలలో మన దగ్గర గిన్నెలో పెట్టిన పచ్చి మాంసం ఇరవై నిమిషాలకే వాసన మారుతుంది. పిల్లి సగం తిని వెళ్లిపోయి గంట తర్వాత వచ్చి తింటానంటే కుదరదు. దీనికి తోడు మా అత్తమ్మ శనివారం నీచు ముట్టదు. "శనారం పూట ఫ్రిజ్ తీస్తే ఏంది ఈ వాసన" అని గొడవ. మూత గట్టిగా పడే స్టీలు డబ్బా ఒకటి పిల్లులకని పక్కన పెట్టేసరికి ఆ గొడవ సగం తగ్గింది.

మానేయడానికి రెండు కారణాలు ఒకేసారి వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో మా ఆడపడుచు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పచ్చి మాంసం తినే పిల్లికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటొచ్చు. మొదటిసారి అంటినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు దాని మలంలో పోతుంది, అది కడుపులో బిడ్డకు ప్రమాదం. మలంలో పడ్డ వెంటనే అంటుకోదు, కనీసం ఒక రోజైనా పడుతుంది, కాబట్టి ఇసుక ట్రే రోజూ, గర్భిణి కాకుండా వేరేవాళ్లు తీస్తే చాలావరకు గండం తప్పినట్టే. కానీ ఇంట్లో అంత టెన్షన్ పెట్టుకుని మెడలు కొట్టడం అవసరమా అనిపించింది.

అదే నెలలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, తర్వాత మన రాష్ట్రంలోనూ వచ్చింది. చికెన్ షాపులు బోసిపోయాయి, రేటు పడిపోయింది. పిల్లుల వాళ్లకు పండగే అనిపించే సమయం. కానీ అప్పటికే నాగపూర్‌లో వన్యప్రాణుల రక్షణ కేంద్రంలోని మూడు పులులు, ఒక చిరుత ఆ వైరస్‌తో చనిపోయాయన్న వార్త చదివాను. ఆ పక్కనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇళ్లలో పెంచుకునే పిల్లుల్లో కూడా దాన్ని గుర్తించారు. అమెరికాలో పచ్చి పిల్లి ఫుడ్డు తిని పిల్లులు చనిపోవడం కూడా ఆ రోజుల్లోనే జరిగింది. పిల్లి జాతికి ఈ వైరస్ మామూలు జలుబు కాదు, ప్రాణం తీస్తుంది. ఐస్ బాక్స్‌లో పెడితే చావదు. లోపలిదాకా 70 డిగ్రీలు తగిలితే చస్తుంది. షాపు తమ్ముడు తప్పు చేశాడని కాదు, కళ్ల ముందే కోడిని కోసి ఇస్తాడు. కానీ పొద్దున్నుంచి అన్ని కోళ్లూ కొట్టేది ఒకే మొద్దు మీద, ముంచి తీసేది ఒకే టబ్బులో. ఆ నీళ్లు ఒక్కసారి చూస్తే మీకే అర్థమవుతుంది.

వండితే పోషకాలన్నీ పోతాయని వాదించేవాళ్లు పాటెంజర్ అనే డాక్టర్ 1930లలో కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగం చూపిస్తారు. వండిన మాంసం తిన్న పిల్లులు తరతరానికీ చిక్కిపోయాయని ఆయన రాశారు. నిజమే, కానీ పిల్లికి టారిన్ తిండిలోంచే రావాలని అప్పటికి ఎవరికీ తెలియదు. ఉడికించినప్పుడు టారిన్ ఎక్కువగా నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోయకపోతే చాలావరకు మిగులుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. విత్ స్కిన్ కోడి, ఎక్కువగా లెగ్ వైపు. వీలైతే మొద్దు కడిగిన వెంటనే, పొద్దున్నే, టబ్బులో ముంచకుండా ఇమ్మంటాను. ఇంట్లో కుళాయి కింద కడగను, చిమ్మిన నీళ్లు సింకంతా పడతాయి. ముక్క మునిగీ మునగనంత నీళ్లు పోసి, మూతపెట్టి, లోపల గులాబీ రంగు పోయేదాకా ఉడికిస్తాను. ఉప్పు లేదు. ఉల్లి, వెల్లుల్లి అసలే లేవు, అవి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, కాబట్టి మన కూరలోంచి తీసి కడిగిన ముక్క కూడా వద్దు. చల్లారాక ఎముకలన్నీ తీసేస్తాను. పచ్చి ఎముక వంగుతుంది, ఉడికింది సూదిలా చీలుతుంది. ఉడికిన మెడ ఒక్కటి కూడా పెట్టకండి.

ఎముక పోయింది కాబట్టి కాల్షియం గుడ్డు పెంకులోంచి రావాలి. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, పేపర్ మీద ఎండలో పరుస్తాను. ఎండాకాలం ఒక పూట చాలు, వానల్లో పెనం మీద వేడిచేస్తాను. చేత్తో నలిపితే టపటపా విరగాలి. లోపలి పొర మెత్తగా ఉంటే మిక్సీలో ముద్దకడుతుంది. ఆపి ఆపి తిప్పి, ఆపాక రెండు నిమిషాలు మూత తీయకండి, తెల్ల పొడి ముక్కులోకి వస్తుంది. టీ జాలిలో జల్లించి, వేళ్ల మధ్య రాస్తే ముగ్గులా జారాలి, ఇసుకలా గరగరలాడితే ఇంకోసారి తిప్పాలి. ఎముక లేని మాంసం కిలోకి సమంగా తీసిన ఒక టీస్పూను. అంటే దాదాపు ఒక గుడ్డు పెంకు. ఎక్కువ వేసినా మంచిది కాదు, మలబద్ధకం వస్తుంది.

దీంతోపాటు డాక్టర్ గారు చెప్పినట్టు ఒక్కో పిల్లికి రోజుకు 250 మిల్లీగ్రాముల టారిన్ పొడి, వారానికి రెండుసార్లు చేప నూనె, దానికి తగ్గ విటమిన్ ఇ. పొద్దున మాత్రం ఒక్కోదానికి 15 గ్రాముల డ్రై ఫుడ్డు. నా వంటలో లేని అయోడిన్, జింకు వంటివి కొంతైనా అందులోంచి వస్తాయని. పూర్తిగా ఇంటి తిండే పెట్టాలనుకుంటే పశువైద్యుల చేత కొలతలు రాయించుకోండి, నా కొలతలు సరిపోవు.

పోయిన నెల లెక్క, రెండు పిల్లులకు: కోడి 4 కిలోలు 800, గుండెకాయ, కందనకాయ, కార్జం కిలోన్నర 210, గుడ్లు 12కు 84, డ్రై ఫుడ్డు 350, టారిన్ వగైరా 150. మొత్తం 1,594. పచ్చిగా పెట్టినప్పటికంటే 500 ఎక్కువ, ప్యాకెట్ల కంటే వెయ్యి తక్కువ. మేడారం జాతర వారంలో ఈ లెక్క నిలవదు, కోడి రేటు ఎక్కడికో పోతుంది. కార్తీకంలో రెండు కిలోలు ఎక్కువే కొని పెట్టుకుంటాను. చేప చవగ్గా దొరికినా దాని మీద ఆధారపడకండి. మన చెరువుల్లో దొరికే బంగారు తీగ లాంటి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది, పచ్చిగా రోజూ పెడితే పిల్లి నడుస్తూ తూలిపోతుంది.

ఎంత పెట్టాలంటే, పూర్తిగా ఇంటి తిండే అయితే పెద్ద పిల్లికి రోజుకు దాని బరువులో మూడు శాతం. నాలుగు కిలోల పిల్లికి 120 గ్రాములు, పచ్చిగా ఉన్నప్పటి తూకం. డ్రై ఫుడ్డు కూడా పెడితే దాన్నిబట్టి తగ్గించాలి. బరువు చూడటానికి మీరు పిల్లిని ఎత్తుకుని మెషిన్ ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసివేయండి.

ఇక మార్చడం ఒక్కరోజులో కాదు. చపాటాకు మూడు వారాలు పట్టింది. మొదటి వారం డ్రై ఫుడ్డు గింజల మీద ఒక చెంచా కోడి ఉడికిన నీళ్లు మాత్రమే పోశాను, తర్వాత గోరంత ముక్క. ఆకలేస్తే అదే తింటుందిలే అని కుక్కను మాడ్చినట్టు పిల్లిని మాడ్చకండి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావు పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే పాత ప్యాకెట్ విప్పి పెట్టేయండి, మర్నాడు మళ్లీ ఒక చెంచా నీళ్లతో మొదలుపెట్టండి.