మనకూ ఒక లీ క్వాన్ యూ రావాలా?

"చేపలు పట్టుకునే పల్లెను ఒక్క మనిషి సింగపూర్‌గా మార్చేశాడు కదా, అలాంటి నాయకుడు మనకూ ఒక్కడొస్తే బాగుపడమా?" అని అడిగారు. ఆ ఒక్క మనిషి అంటే సింగపూర్ మొదటి ప్రధాని లీ క్వాన్ యూ. 2008 నుంచి సింగపూర్‌లోనే ఉంటున్నాను కాబట్టి తెనాలి వెళ్లిన ప్రతిసారీ, ఏ పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నా, ఈ ప్రశ్న నాకు తప్పదు. ఈసారి ఓపిగ్గా రాస్తున్నాను, ఇక మీదట అడిగిన వాళ్లకి లింకు పంపేస్తాను.

ముందు ఆ చేపల పల్లె సంగతి. వాట్సాప్‌లో తిరిగే ఆ మెసేజ్ ఎవరు రాశారో గానీ, 1965లో మలేషియా నుంచి విడిపోయే నాటికే సింగపూర్ పెద్ద రేవు పట్టణం. బ్రిటిష్ వాళ్ల నౌకా స్థావరం ఉంది, తలసరి ఆదాయం ఆ రోజుల్లోనే ఏడాదికి సుమారు 500 డాలర్లు. కష్టాలు లేవని కాదు, ఉద్యోగాల్లేవు, మురికివాడల నిండా జనం, తాగే నీళ్లు పక్క దేశం నుంచి పైపుల్లో రావాలి. అయినా పల్లె కాదు. అదే మెసేజ్‌లో చూయింగ్ గమ్ బ్యాన్ చేసిన మొనగాడు అని కూడా ఉంటుంది. గమ్ నిషేధం వచ్చింది 1992లో, ఆయన ప్రధాని కుర్చీ దిగింది 1990లో. ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్క నిమిషం చూసుకుంటే ఏం పోతుందో!

"ఒక్క మనిషి" అన్న మాట ఇంకా పెద్ద పొరపాటు. డబ్బు లెక్కలు, పరిశ్రమలు, సైన్యం చూసింది గో కెంగ్ స్వీ. విదేశాంగం చూసిన రాజరత్నం జాఫ్నాలో పుట్టిన తమిళుడు. ఇళ్లు కట్టించిన బోర్డుకి మొదట్లో అధిపతి లిమ్ కిమ్ సాన్. పరిశ్రమల గురించి ఏళ్ల తరబడి సలహాలిచ్చిన విన్సెమియస్ అనే ఆయన డచ్చి వాడు. వీళ్లని ఏరి పట్టుకుని, ఎదగనిచ్చి, పని చేయించుకోవడమే లీ గొప్ప అంటాను నేను. మన దగ్గర నాయకుడి పక్కన అంత తెలివైన వాడు ఉంటే రెండో ఎలక్షన్ దాకా ఉండనిస్తారా?

సరే, అసలు చెప్పాలనుకున్నది వేరే.

2015 మార్చి 23 తెల్లవారుజామున లీ పోయారు, 91 ఏళ్లు. పార్లమెంటు హౌస్‌లో పార్థివదేహాన్ని ఉంచారు. రాత్రి పగలు జనం ఆగలేదు, మొత్తం నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చి చూశారు. శుక్రవారం ఆఫీసు అవగానే నేనూ పడాంగ్ మైదానానికి వెళ్లాను. భక్తితో కాదు, ఊరంతా వెళ్తుంటే చూద్దామని. ఏడున్నరకి వరుసలో చేరితే లోపలికి వెళ్లేసరికి తెల్లవారుజాము నాలుగు. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి నాకు అదేమంత కష్టం అనిపించలేదు గానీ, తోపులాట లేకుండా అంతసేపు నిలబడటం మాత్రం మొదటిసారి. ఎవరో ఊరూపేరూ లేని వాళ్లు నీళ్ల సీసాలు, బిస్కెట్లు పంచుతూనే ఉన్నారు.

నా ముందు నిలబడ్డాయన టాక్సీ డ్రైవరు, 58 ఏళ్లుంటాయి. ఇక్కడ ఆ వయసు వాళ్లని అందరం అంకుల్ అనే పిలుస్తాం. ఆ రాత్రి బండి తన జోడీ డ్రైవరుకి అప్పగించి వచ్చాడట. భుజానికి వేలాడే సంచీలో రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక ఫ్లాస్కు. పది దాటాక ఒక గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టి కథ మొదలెట్టాడు.

1961 మే 25న బుకిత్ హో స్వీ అనే గుడిసెల పేట తగలబడింది. సుమారు 16 వేల మందికి నీడ లేకుండా పోయింది. అంకుల్‌కి అప్పుడు నాలుగేళ్లు. "నాకేం గుర్తు లేదు, అమ్మ చెప్పేది" అన్నాడు ముందే. అది నాకు నచ్చింది, చూడనిది చూశానని చెప్పలేదు. వాళ్లమ్మ చంకలో పిల్లని, చేతిలో కుట్టుమిషన్ తలకాయని పట్టుకుని పరిగెత్తిందట, మిగతాదంతా బూడిద. ఏడాది తిరిగేలోగా అదే చోట ప్రభుత్వం ఫ్లాట్లు లేపడం మొదలెట్టింది. ఆ బోర్డు మొదటి ఐదేళ్లలో కట్టిన ఇళ్లు 50 వేలకి పైనే. వీళ్లకి వచ్చింది ఒక్క గది. అయితేనేం, గోడలు ఇటుకవి, పంపు తిప్పితే నీళ్లు. మొదటి రాత్రి వాళ్లమ్మ నిద్రపోకుండా లైటు స్విచ్ వేస్తూ ఆర్పుతూ కూర్చుందట. ఇది చెప్పి అంకుల్ నవ్వాడు. చెయ్యి గాల్లో పైకీ కిందకీ ఆడించి చూపించాడు కూడా.

"అంటే మీకు ఆయన దేవుడు" అన్నాను.

"కాదు" అన్నాడు ఠక్కున. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. వరుస నది ఒడ్డుకి వచ్చాక మళ్లీ ఎత్తుకున్నాడు. వాళ్లింట్లో మాట్లాడేది హోక్కియన్, చైనా వాళ్ల భాషల్లో ఒకటి. 1961లో హాంగ్ లిమ్ ఉపఎన్నిక వచ్చినప్పుడు లీ కష్టపడి ఆ భాష నేర్చుకుని మరీ సభల్లో మాట్లాడాడు, ఎందుకంటే ఓట్లు ఆ భాషలో ఉన్నాయి. అదే మనిషి 1979లో "మాండరిన్ మాట్లాడండి" అని ఉద్యమం పెట్టాడు, మాండరిన్ అంటే చైనా అధికార భాష. మెల్లగా టీవీలో, రేడియోలో హోక్కియన్ ఆగిపోయింది. అంకుల్ పిల్లలు బడిలో ఇంగ్లీషు, మాండరిన్ నేర్చుకున్నారు. వాళ్లమ్మ ఆ రెండూ రాకుండానే పోయింది. "ఒక ఇంట్లో నాయనమ్మ, మనవరాలు. మధ్యలో నేను, ట్రాన్స్‌లేటర్" అని అన్నాడు.

నాకు అప్పుడు ఆ మాట సరిగా ఎక్కలేదు. మా పాపకి నాలుగేళ్లు, గలగలా తెలుగు మాట్లాడేది.

లోపల ఎంతసేపో ఉండనివ్వరు. జెండా కప్పిన పేటిక, నాలుగు మూలలా తలలు వంచి నిలబడ్డ సైనికులు, అంతే. ఫోన్లు తియ్యకూడదు. నేను దండం పెట్టి కదిలిపోతున్నాను, అంకుల్ నడుం దాకా వంగి ఏదో గొణిగాడు. బయటికొచ్చాక ఏమన్నారని అడిగితే "కమ్‌సియా" అన్నాడు. హోక్కియన్‌లో థాంక్స్ అని.

నాతో పాటు ఆ వారం ఊళ్లో ఉన్న మా బావకి మర్నాడు ఈ కథంతా చెబితే ఆయనకి ఎక్కింది ఒక్కటే: "చూశావా, అలా బెత్తం పట్టుకునేవాడు ఉండాలిరా మనకి." ఆస్పత్రి చీటీ దగ్గర నుంచి సినిమా టికెట్ దాకా "మనవాడు లోపలున్నాడు" అంటూ వరుస తప్పించే మనిషి ఆయన. బెత్తం కావాలనే వాళ్లంతా ఇంతే, అది పక్కవాడి వీపు మీద పడుతుందనే నమ్మకం. ఆ బెత్తం ఎలాంటిదో వినండి. చియా థై పో అనే ప్రతిపక్ష నాయకుణ్ణి 1966లో పట్టుకెళ్లి విచారణ అన్నదే లేకుండా 23 ఏళ్లు లోపల పెట్టారు. తర్వాత సెంటోసా దీవిలో ఉంచి, నువ్విప్పుడు స్వేచ్ఛగా ఉన్నావు కాబట్టి గదికి అద్దె కట్టు అన్నారు. అవును, మనవాళ్లు వచ్చి యూనివర్సల్ స్టూడియోస్ గ్లోబు ముందు ఫొటోలు దిగే సెంటోసానే. ఆయన మీద ఆఖరి ఆంక్షలు పోయేసరికి 1998. టూర్ ప్యాకేజీలో ఇది చెప్పరు.

ఇక్కడికి నా సొంత గోడు వస్తుంది, ప్రశ్నకి దూరం పోతున్నానని తెలుసు. లీ పెట్టిన చదువుల పద్ధతిలో ప్రతి పిల్లా ఇంగ్లీషుతో పాటు "మదర్ టంగ్" అనే సబ్జెక్టు చదవాలి. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ తల్లిభాష మన తల్లిది కాదు, జాబితాలో ఉన్నది. చైనా వాళ్లకి మాండరిన్, మలయ్‌లకి మలయ్, భారతీయులకి తమిళం. తమిళం వద్దంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, ఈ ఐదింటిలో ఒకటి. తెలుగు లేదు. ఇక్కడ మనవాళ్లు తక్కువేమీ కాదు, ఉగాదికి హాలు దొరకదు, గోంగూర షాపుకి వచ్చిన గంటలో అయిపోతుంది. అయినా లేదు. చైనీస్ నేర్పడంలో మొదట్లో తప్పు దారి పట్టామని లీ పెద్దవయసులో తనే ఒప్పుకున్నాడు. మన సంగతి ఒప్పుకోవడానికి అసలు ఆయన దృష్టిలో ఉంటే కదా.

2018లో పాపని ఒకటో తరగతిలో వేసేటప్పుడు నేనూ మా ఆవిడా వారం రోజులు కొట్టుకుని హిందీకి టిక్కు పెట్టాం. శనివారం పొద్దున్నే క్లాసు. ఇప్పుడు నాకన్నా బాగా రాస్తుంది. అమ్మతో వీడియో కాల్‌లో మాత్రం "హాయ్ నాన్నమ్మా, తిన్నావా" తర్వాత మాట దొరక్క ఫోన్ నా చేతికిస్తుంది.

మొన్న అమ్మ వచ్చి రెండు నెలలుంది. ఒకరోజు టేబుల్ మీద పాప రిపోర్టు పుస్తకం కనిపిస్తే కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ ఒక్కో గడీ చదివింది. మదర్ టంగ్ దగ్గర ఆగి, పక్కనున్న హిందీ మీద వేలు పెట్టి నన్ను పిలిచింది.

"ఇది ఏ మదర్‌ది రా?"