ముసలి పిల్లికి మూత్రపిండాల జబ్బు

ప్రశ్న: మాది విజయవాడ. నేనూ మావారూ ఉండే ఇంట్లో 14 ఏళ్ల పిల్లి ఉంది. నీళ్లు విపరీతంగా తాగుతూ చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాం. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. వైద్యుడు రాసిచ్చిన తిండిని అది ముట్టడం లేదు. మావారేమో జాలిపడి చాటుగా పాలు, వేయించిన చేప పెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మూత్రపిండాల సామర్థ్యంలో చాలా భాగం పోయేవరకు పిల్లుల్లో లక్షణాలు బయటపడకపోవడం సాధారణం కనుక, ఆలస్యంగా గమనించామని మీరిద్దరూ నొచ్చుకోనక్కరలేదు. పోయిన సామర్థ్యం తిరిగి రాదు. మిగిలినదానిపై భారం తగ్గించడానికే భాస్వరం తక్కువగా ఉన్న ఆహారం ఇస్తారు. దానిని ఒక్కరోజులో మార్చకుండా, అలవాటైన తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ, వాసన తెలిసేలా గోరువెచ్చగా పెట్టి, రెండు మూడు వారాలలో అలవాటు చేయండి. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టడం మాత్రం ప్రమాదం. కొన్ని రోజులు ఏమీ తినని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఆ లెక్కన మీవారి జాలిలోనూ కొంత వైద్యం ఉంది! అయితే వేయించినది కాదు, ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన చేప ముక్కను, అదీ తిండిపై ఆశ పుట్టించేంత మాత్రమే పెట్టమనండి. పాలు వద్దు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగక విరేచనాలై, ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది.

చర్మం కింద సెలైన్ ఎక్కించడం అవసరమైతే వైద్యుడే మోతాదు చెప్పి, ఇంట్లో చేసుకునేలా నేర్పిస్తారు. ఒకరు పిల్లిని ఒళ్లో పట్టుకుంటే మరొకరు సూది చూసుకోవచ్చు. ఒళ్లు వేడిగా అనిపించినా మనం వేసుకునే పారాసెటమాల్ చిన్న ముక్క కూడా వేయకండి, పిల్లికది విషం.