చక్రాలు దిగాయో లేదో రంగు ఒక్కటే చెబితే చాలదు

ప్రశ్న: రేణిగుంట రన్‌వేపై విమానం దించే కంప్యూటర్ సిమ్యులేటర్‌కి కాక్‌పిట్ ప్యానెల్ చేస్తున్నాం. మాలో ఒకడికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. చూపు లేనివాళ్లూ వాడాలంటే ఏం చేయాలండీ?
– ఓ విద్యార్థి, తిరుపతి

జవాబు: రంగులు మార్చకండి, అసలు కాక్‌పిట్‌లోనూ అవే. చక్రాలు కదులుతుంటే ఎర్రదీపం మీద ఏటవాలు గీతలు, దిగి లాకయ్యాక పచ్చదీపంలో కిందికి బాణం గుర్తు పెట్టండి. అక్షరాల కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) 4.5:1కి తగ్గకూడదు. మౌస్‌తో తిప్పే ప్రతి నాబ్‌కీ కీబోర్డు దారి ఉండాలి: హెడింగ్‌కి (విమానం ముక్కు చూసే దిక్కు) బాణం కీతో 1 డిగ్రీ, పేజ్ అప్‌తో 10.

అసలు చిక్కంతా తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే. ఎత్తు అంకె మారినప్పుడల్లా చదివిస్తే మాటలు క్యూలో పేరుకుపోయి, విమానం 2,000 అడుగుల్లో ఉండగా చెవికి 2,300 అని వినబడుతుంది. 100 అడుగులకోసారి చాలు. కొత్త అంకె రాగానే పాతది మధ్యలోనే ఆగిపోవాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే. మానిటర్ ఆపేసి, వింటూనే ఒక్కసారి విమానం దించి చూడండి.